సంపు గట్టు మీద ఉంగరం

శవం కనిపించింది బుధవారం ఉదయం ఆరూ నలభైకి.

అది మురుగునీటి పంపింగ్ స్టేషన్. ఇళ్లు ఆగిపోయాక, రోడ్డు మలుపు దగ్గర, ఎత్తైన గోడ వెనకాల ఉంటుంది. ఊరంతా స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, ఎవరూ తలుచుకోవడానికి ఇష్టపడని మిగతా నీళ్లు, అన్నీ ముందు ఇక్కడి సంపులో పడతాయి. ఏడు మీటర్ల లోతు. అక్కణ్ణుంచి పంపులు వాటిని శుద్ధి చేసే ప్లాంటుకు తోస్తాయి.

ఇనప నిచ్చెన అడుగున, మోకాలి లోతు నీళ్లలో, రాత్రి డ్యూటీ ఆపరేటర్ బోర్లా పడి ఉన్నాడు. నలభై తొమ్మిదేళ్లు. పెళ్లి లేదు. స్టేషన్లో అందరూ అతన్ని ‘కషాయం’ అనేవారు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇన్‌స్పెక్టర్ ఏడూ యాభై అయిదుకు జీపు దిగింది. అప్పటికే ఫైర్ వాళ్లు మాస్కులు పెట్టుకుని దిగి శవాన్ని పైకి తెచ్చేశారు. కానిస్టేబుల్ కేసు తేల్చేశాడు.

“సూసైడ్ మేడం,” అన్నాడు.

అతన్ని అనడానికి లేదు. గేటుకు లోపల్నుంచి తాళం. సంపు గట్టు మీద నాలుగు మడతలు పెట్టిన చేతిరుమాలు. దాని మీద వాచీ, ఫోను, వెండి ఉంగరం వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరో లోకంతో పని ముగించుకుని చేతులు దులుపుకున్నట్టే ఉంది ఆ సర్దుడు.

పైగా సాక్ష్యం కూడా ఉంది. స్టేషన్ కెమిస్ట్ ఏడూ పదికే పరుగున వచ్చాడట. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో తడిసిపోయిన రుమాలు. పొద్దున్న అయిదూ నలభై ఆరుకు చనిపోయినవాడు తనకు ఫోన్ చేశాడని చెప్పాడు. గొంతు అదోలా ఉందట. విసుగొచ్చింది, ఇంక చాలు అన్నాడట. ధైర్యం చెప్పబోయేలోగా పెట్టేశాడట.

ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు మీది ఫోను తీసి చూసింది. 5.46కు కెమిస్ట్‌కి కాల్, ముప్ఫై ఎనిమిది సెకన్లు. 5.49కి ఇంకోటి. పేరు దగ్గర ‘అక్క’ అని ఉంది. అవతల ఎత్తలేదు.

“పాపం, చివరిసారి మాట్లాడదామనుకున్నట్టున్నాడు,” అన్నాడు కానిస్టేబుల్.

ఆమె ఉంగరాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. పాతది, అరిగిపోయింది. కానీ తెల్లగా మెరుస్తోంది.

శవాన్ని మొదట చూసినవాడు పగటి డ్యూటీ ఆపరేటర్. ముప్ఫై దాటని మనిషి. ఆరున్నరకు వచ్చి గేటు కొట్టీ కొట్టీ గోడ దూకాడు. ఇప్పుడు పంపు హౌస్ మెట్ల మీద కూర్చుని తన చేతుల్ని తనే చూసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ వెళ్లి పక్కనే కూర్చుంది. ఆమె పద్ధతి అంతే. నిలబెట్టి అడిగితే నిజం కంటే ముందు భయం బయటికొస్తుందని ఆమె నమ్మకం.

“ఉంగరం ఎందుకు తీశాడు?”

“దిగేముందు వెండి తీసేస్తాం మేడం. లోపల గ్యాస్‌కి నల్లబడిపోతుంది. బాబాయ్‌కి ఆ ఉంగరమంటే ప్రాణం.”

“ఎంతసేపు ఉంటారు లోపల?”

“పదిహేను నిమిషాలు, అరగంట. పైకొచ్చాక మళ్లీ పెట్టుకుంటాం.”

చావడానికి దిగేవాడికి ఉంగరం నల్లబడుతుందన్న బెంగ ఎందుకు? ఆ మాట ఆమె మనసులోనే ఉంచుకుంది.

గ్యాస్ సంగతి అతనే చెప్పాడు. మురుగు నిలవ ఉంటే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఆ వాసనే విషం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయిందనుకునేలోపు మనిషి పోతాడు. దానికి విరుగుడు ఇనుము. ఫెర్రిక్ క్లోరైడ్ అని, ఇనప ఉప్పు కరిగిన ద్రావణం, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. షెడ్డులో అయిదు వేల లీటర్ల ట్యాంకుంది. చిన్న పంపు ఒకటి దాన్ని రాత్రీ పగలూ సంపులోకి చుక్కలు చుక్కలుగా వదులుతుంది. ఇనుము ఆ గ్యాస్‌ని పట్టుకుని నల్లటి మడ్డి అయి అడుక్కి దిగిపోతుంది. ఊరికి కంపు రాదు. దిగినవాడికి ప్రాణభయం ఉండదు.

“బాబాయ్ దాన్ని కషాయం అనేవాడు. ఊరికి కషాయం పట్టించి వస్తున్నా అనేవాడు. చివరికి ఆయన పేరే అదైపోయింది.”

“గ్యాస్ మీటర్ లేదా?”

అతను తల దించుకున్నాడు. ఉందట. అల్మరాలో. పదకొండేళ్లుగా కషాయం పడుతోంది, పదకొండేళ్లుగా ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. మీటర్ తీసే అలవాటే పోయిందట. ట్యాంకు నిండుగా ఉందా, పంపు తిరుగుతోందా, అంతే చూసుకుని దిగిపోతారట.

“ఒక్కళ్లే దిగుతారా?”

“రూలు ప్రకారం కిందొకరు, పైనొకరు. పైనున్నాయన ఆరేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ పోస్టు నింపలేదు.”

దిగినప్పుడల్లా రాసే రిజిస్టర్ ఒకటుండాలి కదా అని అడిగింది. తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుందన్నాడు. ఇద్దరూ వెళ్లి చూశారు. మేకు ఉంది. రిజిస్టర్ లేదు. కెమిస్ట్‌ని అడిగితే హెడ్డాఫీసుకు సంతకాలకు వెళ్లిందన్నాడు.

ఇన్‌స్పెక్టర్ టార్చి తీసుకుని సంపు గట్టు దగ్గరికి వెళ్లింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వెలుగు వేసింది. నీళ్ల మీద తెట్టె. అంచుల్లో మడ్డి.

“ఏం రంగు అది?”

పగటి ఆపరేటర్ వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

“బూడిద రంగు,” అన్నాడు నెమ్మదిగా. “నల్లగా కదా ఉండాలి. పంపు తిరుగుతూనే ఉంది. ట్యాంకు నిండుగానే ఉంది.”

“ఈ మాట ఎవరితోనూ అనకండి,” అంది ఆమె.

చనిపోయినవాడి గది ఒక వర్క్‌షాపు వెనకాల ఉంది. తొమ్మిదీ నలభైకి తలుపు తీశారు. ఒక మంచం, ఒక కుర్చీ. ఒక కంచం, ఒక గ్లాసు. దండెం మీద మూడు చొక్కాలు, మూడింటి మీదా తుప్పు రంగు మరకలు. ఫెర్రిక్ మరక ఏ సబ్బుకీ లొంగదు. ఒక మూల నాలుగు రకాల సబ్బులు, ఒక సెంటు సీసా. సీసా మూత కూడా తీయలేదు.

చీటీ ఏమైనా రాసి పెట్టాడేమోనని కానిస్టేబుల్ పరుపు ఎత్తి చూశాడు. ఏం లేదు. పాలవాడికి రాసిన ముక్క మాత్రం తలుపు సందున దొరికింది. గురువారం నుంచి అర లీటరు చాలునట.

ఇన్‌స్పెక్టర్ ఆ గ్లాసు వైపు చూస్తూ కాసేపు నిలబడిపోయింది. ఆమె ఇంట్లో గ్లాసులు రెండు. రెండోది కిందటేడు ఎవరో వస్తామంటే కొన్నది. వాళ్లు రాలేదు. ఒంటరి గది ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒంటరిగా బతికే ప్రతివాడూ చావాలనుకుంటాడన్న మాట మాత్రం ఆమెకు మొదట్నుంచీ ఒళ్లుమంట.

అక్కగారి ఇల్లు ఊరికి ఆ చివర. పదీ నలభై అయిదు. యాభై ఆరేళ్ల మనిషి, కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె చేతిలో కూడా ఫోనే ఉంది.

“నేను ఎత్తి ఉంటే బతికేవాడా అమ్మా?”

అదే మొదటి మాట. ఇన్‌స్పెక్టర్ కూర్చోకముందే అడిగింది. ఆ తర్వాత ఏం చెప్పినా చుట్టూ తిరిగి అక్కడికే వస్తోంది.

తమ్ముణ్ణి పెంచింది ఆమేనట. తల్లి పోయేనాటికి వాడికి పదకొండేళ్లు. ఆరేళ్ల కిందట కూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చిన రోజున వాడు డ్యూటీ నుంచి సరాసరి ఇంటికొచ్చాడు. అదే చొక్కా, అదే వాసన. పెళ్లివారిలో ఒకావిడ ముక్కు మూసుకుంది. అక్కగారు నలుగురి ముందూ అనేసింది, ఆ కంపు కడుక్కున్నాకే నా గుమ్మం తొక్కు అని. వాడు నవ్వుతూనే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

“పిలిస్తే వస్తాడులే అనుకున్నా. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం... ఆరేళ్లయిపోయింది.”

“ఫోన్లు చేసేవాడా?”

“మిస్డ్ కాల్స్ ఇచ్చేవాడు. ఎత్తేలోపే కట్ చేసేవాడు. ఉక్రోషమనుకున్నా. ఇవాళ కూడా అలాగే అనుకున్నా.” ఆమె ఫోను ఒళ్లో బోర్లించింది. “ఇవాళే ఎత్తాల్సింది.”

ఇన్‌స్పెక్టర్‌కి ఓదార్చడం రాదు. అక్కగారి ఫోను ఒకసారి ఇమ్మని అడిగి, కాల్స్ జాబితా మొత్తం తన ఫోన్లోకి ఫోటోలు తీసుకుంది. సాయంత్రం నాలుక్కి పంపింగ్ స్టేషన్‌కి రాగలరా అని అడిగింది. అక్కగారు తలూపింది.

పన్నెండూ పదికి డాక్టర్ ఫోన్ చేశాడు. నీళ్లలో మునిగి చనిపోలేదన్నాడు, ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవన్నాడు. గ్యాస్. రెండు మూడు శ్వాసల్లో అయిపోయి ఉంటుందట.

ఒంటిగంటన్నరకు కెమిస్ట్‌ని భోజనానికి పంపేసి, ఆమె ఫెర్రిక్ షెడ్డులోకి నడిచింది. పగటి ఆపరేటర్ ట్యాంకులోంచి ఒక జాడీ నిండా ద్రావణం పట్టాడు. చూడ్డానికి ముదురు గోధుమ రంగే. ఇందులో సాంద్రత కొలిచే గాజు కడ్డీ వేస్తే చిక్కటి ఫెర్రిక్‌లో నిటారుగా పైకి తేలి 1.42 దగ్గర ఆగాలి. గోడ మీది చార్టులో ఆది, సోమ, మంగళవారాలు మూడింటికీ 1.42 అనే రాసి ఉంది. సంతకం కెమిస్ట్‌ది.

ఆపరేటర్ కడ్డీ వదిలాడు. అది బుడుంగున మెడ దాకా మునిగిపోయింది.

“1.03,” అన్నాడు. “ఇది నీళ్లు మేడం.”

“రంగు ఉందిగా?”

“చెంబుడు ఫెర్రిక్ పోస్తే బానెడు నీళ్లకు రంగొస్తుంది. ఇది రంగు నీళ్లు.”

షెడ్డు వెనక గోడ దగ్గర కొత్త ఇసుక పోసి ఉంది. కానిస్టేబుల్ కాలితో కెలికాడు. ఇసుక కింద నేలంతా తుప్పు రంగు. గడ్డి వేళ్లతో సహా మాడిపోయింది. ఆదివారం తనకు సెలవని, సోమవారం వచ్చేసరికే ఆ ఇసుక ఉందని ఆపరేటర్ చెప్పాడు.

రెండున్నరకు రెండు పనులయ్యాయి. ఫైర్ వాళ్లు సంపు నీళ్లు పూర్తిగా తోడించి అడుగున ఒక పొడవాటి ఇనప తీగ తీశారు. రెండోది, కెమిస్ట్ బల్ల సొరుగులో పాత ఫైళ్ల కింద రిజిస్టర్ దొరికింది.

ఆమె రిజిస్టర్ తెరిచింది. చివరి పేజీ చూసింది. వెనక్కి తిప్పింది, ఇంకా వెనక్కి. ఫోన్లోని ఫోటోలు పక్కన పెట్టుకుని తేదీలు పోల్చింది.

నాలుగు గంటలకు పంపు హౌస్‌లో అందరూ చేరారు. కెమిస్ట్, పగటి ఆపరేటర్, కానిస్టేబుల్. తలుపు పక్క కుర్చీలో అక్కగారు. ఒక పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఎవరు పోయినా మురుగు ఆగదు కదా.

“ఆదివారం మధ్యాహ్నం డ్యూటీలో ఎవరున్నారు?” ఇన్‌స్పెక్టర్ అడిగింది.

“నేను,” అన్నాడు కెమిస్ట్. “ఒక్కణ్ణే.”

“ట్యాంకు అడుగు వాల్వు ఎందుకు తిప్పారు?”

జవాబు కోసం ఆమె ఆగలేదు. జాడీ తెచ్చి బల్ల మీద పెట్టి కడ్డీ వేసింది. అందరి ముందూ మళ్లీ మునిగింది. ఇసుక సంగతి చెప్పింది. కెమిస్ట్ రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత మాట బయటికొచ్చింది. మడ్డి కడుగుదామని వాల్వు తిప్పాడట. ఫోనొచ్చిందట. గంటసేపు వాల్వు మాటే మర్చిపోయాడట. నాలుగు వేల ఆరొందల లీటర్లు గోడ వెనక్కి పోయింది. అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. మూడోదొస్తే ఉద్యోగం ఊడుతుంది. అడుగున మిగిలినదాంట్లో పైపు పెట్టి నీళ్లు నింపేశాడు.

“శుక్రవారం ట్యాంకర్ వచ్చేది మేడం. రెండు రోజులాగితే ఎవరికీ తెలిసేది కాదు.”

“తప్పు అందరూ చేస్తారు,” అంది ఆమె. “నేను అడిగేది ఆ ముప్ఫై ఎనిమిది సెకన్ల గురించి. అయిదూ నలభై ఆరుకు అతను మీతో ఏమన్నాడు?”

కెమిస్ట్ నేల వైపు చూశాడు.

“నేను చెప్పనా? కంపు వస్తోందన్నాడు. ట్యాంకు నిండుగా ఉంది, పంపు తిరుగుతోంది, అయినా మడ్డి నల్లబడ్డం లేదన్నాడు. ఏం చెయ్యమంటారన్నాడు. మీరేం చెప్పారు?”

కెమిస్ట్ గొంతు తగ్గించాడు.

“పైపు మూసుకుపోయి ఉంటుంది, దిగి చూడు అన్నా.”

పగటి ఆపరేటర్ లేవబోయాడు. కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“వాసనే కదా అనుకున్నా మేడం. చచ్చిపోతాడనుకోలేదు.”

“దిగొద్దు అంటే సరిపోయేది. ఒక్క మాట. అది చెప్తే ఎందుకని అడుగుతాడు. అందుకని దిగమన్నారు. అతను పైపు పొడవడానికి ఇనప తీగ తీసుకుని దిగాడు. పదకొండేళ్లు కాపాడిన కషాయమే కదా అని మీటర్ తీయలేదు. పొద్దున్న మీరొచ్చి ముందు రిజిస్టర్ దాచారు. తర్వాత చనిపోయినవాడి నోట్లో మీ మాటలు పెట్టారు.”

కెమిస్ట్ ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె కానిస్టేబుల్‌కి సైగ చేసింది. నాలుగూ ఇరవై రెండుకు జీపు కదిలింది.

కుర్చీలో అక్కగారు కదల్లేదు.

“అయితే వాడంతట వాడు...”

“కాదు. పని మీద దిగాడు. పైకి రావాలనే దిగాడు.” ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. “ఇది మీరు చూడాలి.”

గళ్లు గీసిన పేజీ. తేదీ. దిగిన టైము. పైన ఉన్న వ్యక్తి. ఎక్కిన టైము. చివరి వరస బుధవారానిది. దిగిన టైము 5.50. ఎక్కిన టైము ఖాళీ. ‘పైన ఉన్న వ్యక్తి’ గడిలో గుండ్రటి అక్షరాలతో ‘అక్క’ అని రాసి ఉంది.

అక్కగారు పేజీ తిప్పింది. ముందు వారం, అంతకు ముందు నెల, అంతకు ముందు ఏడు. ప్రతి వరసలోనూ అదే మాట.

“అది బాబాయ్ వేళాకోళం అనుకున్నాం,” అన్నాడు పగటి ఆపరేటర్ మెల్లగా. “ఆ గడి ఖాళీగా వదలకూడదు. నేనైతే గీత గీసేస్తా.”

“వేళాకోళం కాదు,” అంది ఇన్‌స్పెక్టర్. ఫోను తీసి ఫోటోలు చూపించింది. పోయిన శుక్రవారం రాత్రి 10.14కి ఒక మిస్డ్ కాల్, 10.41కి ఇంకోటి. రిజిస్టర్లో దిగింది 10.15, ఎక్కింది 10.40. అంతకు ముందు మంగళవారమూ అంతే. ఎక్కడ చూసినా జంటలే. దిగబోతూ ఒకటి, ఎక్కాక ఒకటి. పైన నిలబడే మనిషిని ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అతనే ఒకర్ని పెట్టుకున్నాడు. ఆ మనిషికి చెప్పడానికి మొహం చెల్లలేదు.

“మీరు ఎత్తాలని కాదు చేసింది. దిగుతున్నా అని చెప్పడానికి. మీరు ఎత్తి ఉన్నా దిగేవాడే. అది పని.”

అక్కగారు రిజిస్టర్ మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. పంపు తిరుగుతోంది.

“ఎప్పుడూ రెండొచ్చేవి,” అంది చివరికి. “నాకు తెలుసు. ఒకటొచ్చిందంటే ఇంకోటి వస్తుందని. ఇవాళ రెండోది రాలేదు. పొయ్యి మీద పాలు పెట్టుకుని చూశా. రాలేదేంటా అనుకున్నా. ఏడయింది, ఏడున్నరయింది. ఫోను పక్కన పెట్టబుద్ధి కాలేదు.” ఆమె తలెత్తింది. “నేను చూస్తూనే ఉన్నా అమ్మా. వాడికోసం చూస్తూనే ఉన్నా.”

“అవును,” అంది ఇన్‌స్పెక్టర్.

ఉంగరం సాక్ష్యంలో రాసుకోవాలి. కేసయ్యాక ఇస్తామని చెప్పింది. అది తమ అమ్మదని, అమ్మ దాన్ని కూతురికివ్వకుండా కొడుక్కిచ్చిందని, ఆ కోపం కూడా కొన్నాళ్లు ఉండేదని అక్కగారు చెప్పింది. చెప్తూ నవ్వబోయింది, రాలేదు.

గేటు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. ఎండ వాలుతోంది. ఆటో ఎక్కబోతూ అక్కగారు ఆగి, ఇన్‌స్పెక్టర్ మోచెయ్యి పట్టుకుంది.

“నువ్వూ ఇలాంటి చోట్లకే వెళ్తుంటావు కదమ్మా. నువ్వు వెళ్లేటప్పుడు పైన ఎవరుంటారు?”

“ఉంటార్లెండి,” అంది ఇన్‌స్పెక్టర్.

ఆటో మలుపు తిరిగే దాకా నిలబడింది. తర్వాత ఫోను తీసి చూసుకుంది. పొద్దుట్నుంచి వచ్చిన కాల్స్ పద్దెనిమిది, అన్నీ ఆఫీసువే. ఫోను జేబులో పెట్టుకుని, రిపోర్టు రాయడానికి పోలీసు స్టేషన్‌కి నడిచింది.